సైకిల్ పందెంలో ప్రతిభకు కాలమే కొలత కావాలి: పోటీల నిర్వాహకులకు, ఎంపిక కమిటీలకు బహిరంగ లేఖ

తెలంగాణలో రోడ్డు సైకిల్ పోటీలు నిర్వహించే సంఘాల బాధ్యులకు, జట్ల ఎంపిక కమిటీల సభ్యులకు, జిల్లా, రాష్ట్ర క్రీడాధికారులకు,

నమస్కారం.

వరంగల్, హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, ములుగు ప్రాంతాల సైకిల్ పందేల అభిమానులం, పందేల్లో పాల్గొనే పిల్లల తల్లిదండ్రులం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. క్రికెట్‌కు తప్ప మైదానం దొరకని రోజుల్లో మన పిల్లలకు రోడ్డు పోటీలు పెడుతున్నందుకు మీకు కృతజ్ఞతలు. గత చలికాలంలో మూడు రోజుల పాటు జరిగిన ఒక పోటీలో విజేతను తేల్చిన తీరు మీద మేము రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాం. అర్జీ ముట్టినట్టు సంతకం పెట్టి ఇచ్చారు గాని, జవాబు ఇవ్వలేదు. గుర్తుచేస్తూ మళ్లీ రాసినా ఉలుకూ పలుకూ లేదు. ఆ నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ పద్ధతి వారొక్కరిదే కాదు. మన దగ్గర జరిగే చాలా పోటీల్లో ఇదే నడుస్తోంది. అందుకే ఈ మాట అందరి ముందు పెడుతున్నాం.

జరిగింది ఇది. మొదటి రోజు ములుగు నుంచి హనుమకొండ వైపు సాగిన పందెంలో ఒక కుర్రవాడు మల్లంపల్లి దాటగానే గుంపును విడిచి ముందుకు ఉరికాడు. కటాక్షపూర్ చెరువు దగ్గర ఎదురుగాలి ఎట్లా కొడుతుందో ఆ దారిన సైకిల్ తొక్కినవారికి చెప్పనక్కరలేదు. వెనక నలభైమంది వంతులు మార్చుకుంటూ తరుముతుండగా ఆ గాలిలో ఒక్కడే వచ్చి, 2 నిమిషాల 10 సెకన్ల తేడాతో గీత దాటాడు. రెండో రోజు, మూడో రోజు గుంపుతోనే వచ్చి 14, 17 స్థానాల్లో ముగించాడు. గుంపు విడిపోకుండా ఒకే కట్టుగా వచ్చింది గనుక ఆ రెండు రోజులూ విజేతకూ అతనికీ కాలంలో తేడా లేదు. మూడు రోజుల దూరాన్ని అతనికంటే తక్కువ సమయంలో తొక్కినవారు ఆ పోటీలో ఎవరూ లేరు. అయితే నిర్వాహకులు కాలాన్ని కూడలేదు, స్థానాలను కూడారు. 1, 14, 17 కలిపితే 32 వచ్చింది. మూడు రోజులూ గుంపు చాటున ఉండి, చివరి రెండు వందల మీటర్లలో బయటికి వచ్చి 2, 3, 2 స్థానాలు తెచ్చుకున్న మరో అబ్బాయికి 7 వచ్చింది. తక్కువ మొత్తం వచ్చినవాడిదే గెలుపు గనుక కప్పు అతనికి దక్కింది. ఆ అబ్బాయిని మేము తప్పు పట్టడం లేదు. చివరి పరుగులో అతనికి సాటి లేరు, తనకు చేతనైన పని తాను చేశాడు. ఏ లెక్కతో విజేతను తేలుస్తారో పోటీకి ముందు ఎవరికీ చెప్పకపోవడం తప్పు. బహుమతులు ఇచ్చే వేళ దాకా ఆ సంగతి పిల్లలకే కాదు, వారి కోచ్‌లకూ తెలియదు. మొదటి రోజు గెలిచిన కుర్రవాడు మొదటి నలుగురిలో లేడని తదుపరి ఎంపికకు కూడా పిలవలేదు.

మేము ఈ ఆటను ఏళ్లుగా చూస్తున్నవాళ్లం. జులై వచ్చిందంటే ఫ్రాన్స్‌లో వారాల తరబడి సాగే సైకిల్ పందెం టూర్ డి ఫ్రాన్స్ చూసి, మరునాడు పొద్దున హనుమకొండ నక్కలగుట్టలో చాయ్ దగ్గర ఎవరిది బలం, ఎవరిది అదృష్టం, ఏ జట్టు ఎత్తు పారింది, ఏది పారలేదు అని గంటల తరబడి వాదించుకుంటాం. ఆ వాదనల్లో అందరూ ఒప్పుకునే మాట అరుదు. అయినా మూడు విషయాల్లో మాకు పేచీ లేదు: పందెం ఏ కొలతతో తేలుతుందో ముందే తెలియాలి, ఆ కొలత అందరికీ ఒకటే కావాలి, ఆ కొలతలో కనబడని శ్రమకు వేరే లెక్క ఉండాలి. మా అభ్యంతరాలన్నీ ఈ మూడింటి నుంచి వచ్చినవే.

1. రోజుల తరబడి సాగే పందెంలో మొత్తం కాలాన్నే కొలతగా తీసుకోవాలి.

ఇది మేము కొత్తగా అడుగుతున్నది కాదు. 1903లో మొదటి టూర్ డి ఫ్రాన్స్ ఆరు దశల్లో, అంటే ఆరు విడతల్లో, 2,428 కిలోమీటర్ల మేర జరిగినప్పుడు మోరిస్ గారెన్‌ను కాలం లెక్కనే విజేతగా ప్రకటించారు. మరుసటి ఏడు మోసాల గొడవలు చెలరేగాక, 1905 నుంచి 1912 దాకా కాలాన్ని పక్కనపెట్టి పాయింట్లతో విజేతను తేల్చారు. మన నిర్వాహకులు ఇప్పుడు చేస్తున్నది దాదాపు అదే. ఆ పద్ధతిని ఎనిమిదేళ్లు నడిపి, 1913లో తిరిగి కాలానికే వచ్చారు. నూటపదేళ్లు దాటినా మళ్లీ వెనక్కి పోలేదు. స్థానాలు కూడే పద్ధతి పనికిరానిదని మేము అనడం లేదు. చివరి పరుగులో మేటి ఎవరో తేల్చడానికి అది సరిగ్గా సరిపోతుంది. అందుకే టూర్‌లో 1953 నుంచి పాయింట్లకు విడిగా ఆకుపచ్చ జెర్సీ ఇస్తున్నారు. మొత్తం పందెంలో ముందున్నవాడు తొడుక్కునే పసుపు జెర్సీ మాత్రం కాలానిది.

కాలం లెక్క వల్ల ఏం మారుతుందో పాత పందేలే చెబుతాయి. 1956లో రోజే వాల్కోవియాక్ ఒక్క దశ కూడా గెలవకుండా టూర్ గెలిచాడు. 1990లో గ్రెగ్ లెమాండ్, 2017లో క్రిస్ ఫ్రూమ్, 2019లో ఎగాన్ బెర్నాల్ కూడా ఆ ఏడు ఒక్క దశ గెలవకుండానే విజేతలయ్యారు. వాల్కోవియాక్‌ది గాలివాటు గెలుపని ఫ్రాన్స్‌లో చాలాకాలం చిన్నచూపు చూశారు. మా ఉద్దేశంలో అది అన్యాయం. పెద్ద గుంపును విడిచి ముందుకు తప్పించుకుపోయినవారిలో అతను సరైన రోజున ఉన్నాడు, సంపాదించిన నిమిషాలను కొండల్లో కాపాడుకున్నాడు. ఏ రోజు బలం ఖర్చు పెట్టాలో, ఏ రోజు దాచుకోవాలో తెలియడం కూడా ఈ ఆటలో ప్రతిభే. స్థానాలు కూడితే ఈ ప్రతిభకు చోటు లేదు. రెండు నిమిషాల ముందు వచ్చినా, ముందు చక్రం మందంతో గెలిచినా ఒకటే అయినప్పుడు, దూరం నుంచి గుంపును విడిచిపోయే సాహసం ఏ పిల్లవాడు చేస్తాడు? చేయరు. మూడు గంటలు ఒకరి వెనక ఒకరు కాచుకొని కూర్చొని, చివరి మలుపులో నలభైమంది ఒక్కసారిగా మీదపడతారు. మన పోటీల్లో సైకిళ్లు ఒకదానిమీద ఒకటి పడేది ఎక్కువగా ఆ చివరి మలుపుల్లోనే.

చిప్‌లు, సెన్సర్లు లేవు, కాలం ఎట్లా కొలుస్తామని కొందరు నిర్వాహకులు మాతో అన్నారు. 1913లో కూడా చిప్‌లు లేవు, చేత పట్టుకునే గడియారాలే ఉన్నాయి. గుంపు ఒకే కట్టుగా వస్తే అందులో అందరికీ ముందున్నవాడి కాలమే రాస్తారు. మధ్యలో కనబడే తెంపు ఉంటే అక్కడి నుంచి కొత్త గుంపుగా లెక్కిస్తారు. అంటే నలభైమంది వస్తే నలభై కాలాలు పట్టనక్కరలేదు, మూడో నాలుగో గుంపుల కాలం పడితే చాలు. గీత దగ్గర కదలకుండా నిలబెట్టిన ఒక ఫోన్ వీడియోతో ఈ పని అవుతుంది.

2. తోటివాడి కోసం గాలికి ఎదురు తొక్కినవాడి శ్రమ రికార్డులో కనబడాలి.

సైకిల్ పందెం పేరుకు ఒంటరి ఆటే గాని, నడిచేది జట్టు మీద. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతే, అతని చక్రం వెనక ఉన్నవాడికి సుమారు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకే పెద్ద పందేల్లో ఎనిమిదిమంది జట్టులో ఏడుగురు ఒక్కరి కోసం తొక్కుతారు. నర్సంపేట రోడ్డు మీద జరిగిన పందెంలో మేమే చూశాం. పదో తరగతి చదివే ఒక పిల్లవాడు తన జట్టులోని పెద్దవాడిని చక్రం వెనక పెట్టుకొని ఎదురుగాలిలో లాగుతున్నాడు. ‘నాతో ఇంక కాదు, ముందుకు రండి’ అన్నట్టు కుడి మోచేయి ఆడించాడు. పక్క జట్లవాళ్లు ఒక్కరూ రాలేదు. మళ్లీ తల వంచుకొని తొక్కాడు. సీసాలో మిగిలిన నీళ్లు వెనకవాడికి అందించాడు. గీతకు నాలుగు కిలోమీటర్ల ముందు కాళ్లు పట్టేసి పక్కకు జరిగాడు. పెద్దవాడు ఆ రోజు మూడో స్థానంలో వచ్చాడు, ఇతను ముప్పై ఎనిమిదో స్థానంలో వచ్చాడు. ఎంపిక కమిటీ ముందుకు పోయిన కాగితం మీద ఆ 38 అంకె ఒక్కటే ఉంది. ‘మావాడికి చేతకాదట సార్, ఇంక పనిలో పెడతా’ అని అతని తండ్రి అన్నప్పుడు, ఆ అంకె వెనక ఉన్నదేమిటో ఆయనకు వివరించడానికి మా దగ్గర నిర్వాహకులు సంతకం చేసిన కాగితం ఒక్కటీ లేదు.

1934 టూర్‌లో రెనే వియెట్టో ఇరవై ఏళ్ల కుర్రవాడు, ఆ ఏడే మొదటిసారి పాల్గొన్నాడు. పిరనీస్ కొండలు దిగుతుండగా జట్టు నాయకుడు ఆంటొనిన్ మాన్య ముందు చక్రం పాడైతే, తన చక్రం విప్పి ఇచ్చి, ఇంకో చక్రం వచ్చేదాకా రోడ్డు పక్క రాతి గోడ మీద కూర్చొని ఏడ్చాడు. ఆ ఫొటో నేటికీ సైకిల్ అభిమానులందరికీ తెలుసు. మరునాడు మాన్యకు మళ్లీ ఆపద వస్తే, దిగిన దారినే వెనక్కి ఎక్కి వచ్చి ఏకంగా తన సైకిలే ఇచ్చేశాడు. మాన్య ఆ టూర్ గెలిచాడు. వియెట్టో కొండల విజేతగా, మొత్తం మీద ఐదో స్థానంలో ముగించాడు. ఆ తరువాత ఎన్నడూ టూర్ గెలవలేదు. ఆ చక్రం ఇవ్వకపోయినా అతను గెలిచేవాడు కాదని వాదించేవారు మాలో ఉన్నారు. కాలం లెక్కలు చూస్తే వారి మాటే నిజం కావచ్చు. అయినా ఇచ్చిన చక్రం విలువ దానివల్ల తగ్గదని మా అభిప్రాయం.

2023లో స్పెయిన్‌లో జరిగిన పెద్ద పందెం వుయెల్టా గురించి మా మధ్య జరిగినంత వాదన మరి దేనిమీదా జరగలేదు. సెప్ కుస్ ఆ ఏడు ఇటలీ పందెం జిరోలో ప్రిమోజ్ రోగ్లిచ్ కోసం, టూర్‌లో యోనాస్ వింగెగార్డ్ కోసం తొక్కాడు; ఇద్దరూ గెలిచారు. మూడో పెద్ద పందెమైన వుయెల్టాకూ వచ్చి, ఆరో దశలో ముందే తప్పించుకుపోయిన గుంపులో ఉండి ఆ దశ గెలిచి, తరువాత ఆ పందెంలో ముందున్నవాడికి ఇచ్చే ఎర్ర జెర్సీ తొడుక్కున్నాడు. పదిహేడో దశలో అంగ్లీరు కొండ మీద సొంత జట్టులోని ఆ ఇద్దరే అతన్ని వదిలి ముందుకు పోయారు. అతని ఆధిక్యం 8 సెకన్లకు పడిపోయింది. కొండ మీద బలమున్నవాడు ఆగనక్కరలేదని మాలో సగంమంది అన్నారు. ఎవరి రెక్కల కష్టంతో రెండు పందేలు గెలిచారో మరిచిపోయారని మిగతా సగం మండిపడ్డారు. చివరికి జట్టు అతని వెనక నిలిచింది, 17 సెకన్ల తేడాతో కుస్ గెలిచాడు. ఆ గెలుపు దానంగా వచ్చిందని అనేవారితో ఈ లేఖ రాస్తున్నవారిలో ఎవరమూ ఏకీభవించం. ఆరో దశలో అతను సంపాదించిన కాలం అతనిదే. ఆ రోజు అతన్ని ముందుకు పోనిచ్చినవారు తెలిసే పోనిచ్చారు.

ఇంత వాదించడానికి వీలైంది ఎందుకంటే ఎవరు ఎవరి కోసం, ఎన్నో కిలోమీటరులో, ఏం చేశారో అక్కడ అందరి కళ్లముందు ఉంటుంది. మన దగ్గర ఉండదు. కనుక మేము కోరేది: రోజుల పోటీల్లో జట్టు వర్గీకరణ పెట్టండి, ప్రతి దశలో జట్టులో మొదటి ముగ్గురి కాలం కూడితే అది వస్తుంది. గెలిచిన జట్టులో పందెం పూర్తిచేసిన ప్రతి ఒక్కరికీ వ్యక్తిగత విజేతలతో సమానమైన ధ్రువపత్రం ఇవ్వండి. ఎంపిక కమిటీకి పంపే పత్రంలో కోచ్, పోటీ పరిశీలకుడు కలిసి రాసే రెండు వాక్యాలకు ఒక గడి పెట్టండి. క్రీడా పాఠశాలలో సీటుకైనా, కళాశాలలో, ఉద్యోగంలో క్రీడా కోటాకైనా మన పిల్లలు చూపించగలిగేది ఆ కాగితమే. ఆటో నడిపేవారు, బీడీలు చుట్టేవారు, ఎనుమాముల మార్కెట్‌లో హమాలీ పని చేసేవారు అప్పు చేసి సైకిల్ కొనిస్తున్నది ఆ కాగితం మీద ఆశతోనే. సాయం చేసినవాడికి కాగితం రాదని తెలిశాక, పిల్లలు సాయం చేయడం మానేస్తున్నారు. కొందరు కోచ్‌లు మానేయమని చెబుతున్నారు కూడా, వారిని తప్పు పట్టలేం.

3. ఆపద వచ్చినవాడికి ఏ నియమం వర్తిస్తుందో ముందే రాసి ఉండాలి.

గీతకు రెండు కిలోమీటర్ల ముందు ట్రాక్టర్ మేకు గుచ్చుకొని ట్యూబు పోయిన పిల్లవాడు సైకిల్ భుజాన వేసుకొని నడిచి వచ్చాడు. మూడు రోజుల కష్టం అక్కడ పోయింది. అంతర్జాతీయ పందేల్లో సాధారణంగా చదునైన దశ చివరి 3 కిలోమీటర్లలో పడిపోయినా, సైకిల్ చెడినా, అప్పటిదాకా ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు కాలమే ఇస్తారు. ఈ నియమానికి పైసా ఖర్చు లేదు.

నియమం ముందే ఉంటే, ఎంత బాధ కలిగినా ఫలితాన్ని అందరూ ఒప్పుకుంటారు. 2024 మహిళల టూర్ డి ఫ్రాన్స్ ఐదో దశలో పసుపు జెర్సీలో ఉన్న డెమి వోలరింగ్ గీతకు సుమారు ఆరు కిలోమీటర్ల ముందు పడిపోయింది. రక్షణ ఉండే దూరానికి అది బయట. ముందు గుంపులో ఉన్న ఆమె జట్టు అమ్మాయి బ్లాంకా వాస్ ఆ దశ గెలిచింది. వోలరింగ్ నిమిషానికి పైగా కాలం, పసుపు జెర్సీ రెండూ పోగొట్టుకుంది. చివరి రోజు ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీద దశ గెలిచి కూడా, పందెం మొత్తాన్ని కాషా న్యెవియాడోమాకు 4 సెకన్ల తేడాతో కోల్పోయింది. జట్టువాళ్లు వెనక్కి వచ్చి లాగి ఉంటే గెలిచేదా, దశ గెలిచే అవకాశం చేతిలో ఉన్నప్పుడు ఆ జట్టు అట్లా ఎందుకు చేయాలి అని నేటికీ వాదిస్తున్నాం. వెనక్కి రావలసిందేనని మాలో ఎక్కువమంది నమ్మకం. కానీ న్యెవియాడోమా గెలుపు చెల్లదని ఎవరూ అనలేదు. 3 కిలోమీటర్ల గుర్తు ఎక్కడ ఉందో ఆ రోజు అందరికీ తెలుసు.

ఎదుటివాడు పడితే ఆగాలా అన్నది వేరే సంగతి. 2010 టూర్‌లో ఆండీ ష్లెక్ సైకిల్ గొలుసు జారినప్పుడు అల్బెర్తో కొంతదోర్ ఆగకుండా పోయి 39 సెకన్లు సంపాదించాడు; 2022 టూర్‌లో తడే పోగచార్ దిగుడులో పడితే వింగెగార్డ్ ఆగి, అతను వచ్చాక చేయి కలిపి ముందుకు సాగాడు. వింగెగార్డ్ పనిని మన పిల్లలకు చూపించి మెచ్చుకోవచ్చు గాని, దాన్ని నియమంగా రాయలేం. రాయగలిగినవి రాయమనే అడుగుతున్నాం.

4. దారి ఎంపిక, పందెం తేదీ, ఆపినప్పుడు కాలం లెక్క.

వానాకాలం కోతలయ్యాక మన ఊళ్లలో వడ్లు, మక్కలు ఆరబోసేది రోడ్ల మీదనే. కల్లాలు లేని రైతు ఇంకెక్కడ పోసుకుంటాడు? ఈ విషయంలో రైతులను ఎవరూ ఒక్క మాట అనకూడదు. రోడ్డులో సగం మేర వడ్లు, వాటి అంచుకు ఎవరూ తొక్కకుండా వరుసగా పెట్టిన రాళ్లు, పైన కప్పిన పరదాలు ఉంటాయి. గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో వచ్చే గుంపులో మూడో వరుసవాడికి ముందువాడి వెనక చక్రం తప్ప ఏదీ కనబడదు. ఆ రాయి తగిలి ఒక పిల్లవాడికి కాలర్‌బోన్ విరిగింది. వాళ్ల నాన్న హమాలీ. కొడుకు దగ్గర ఉండడానికి పని మానుకున్నాడు, వైద్యానికి అప్పు చేశాడు. పోటీ ప్రవేశ రుసుములో బీమా లేదు.

అదే రోజు ఇంకొకటి జరిగింది. ముందు పోతున్న ఇద్దరు గుంపుకంటే నిమిషం పైన ఆధిక్యంలో ఉండగా ఎదురుగా ఇసుక లారీలు అడ్డం రావడంతో పందెం ఆపారు. తిరిగి మొదలుపెట్టినప్పుడు అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి వదిలారు. ఆ ఇద్దరి నిమిషం గాలిలో కలిసింది. 2019 టూర్ పంతొమ్మిదో దశలో వడగండ్ల వాన, కొండచరియల మట్టి దారిని మూసేసినప్పుడు, అప్పటికే ముందున్నవారు దాటిన ఇజెరాన్ కనుమ పైభాగంలోని కాలాన్ని తీసుకొని దశను ముగించారు. అక్కడ ముందున్న బెర్నాల్‌కు పసుపు జెర్సీ వచ్చింది, జూలియన్ అలఫిలిప్‌కు పోయింది. అలఫిలిప్ అభిమానులకు కోపం వచ్చినా, సంపాదించిన కాలాన్ని ఎవరూ చెరిపేయలేదు.

కోతల నెలల్లో, యాసంగి అయినా వానాకాలం అయినా, పల్లె రోడ్ల మీద పందెం పెట్టకండి. మేడారం జాతర జరిగే ఏడు ములుగు దారిని, ఎనుమాములకు మిర్చి వచ్చే రోజుల్లో నర్సంపేట దారిని వదిలేయండి. సంక్రాంతి సెలవుల తొలి రోజులు మాకు అనువుగా తోస్తున్నాయి. దారి పొడవునా పోలీసు, పంచాయతీ సిబ్బందితో ముందురోజు ఒకసారి తిరిగి చూడండి. పందెం ఆపవలసి వస్తే అప్పటి తేడాలను రాసుకొని, అదే తేడాతో తిరిగి వదలండి.

5. సైకిల్ ధర ఫలితాన్ని తేల్చకూడదు.

1989 టూర్ చివరి రోజు ఒక్కొక్కరే విడిగా బయలుదేరి కాలంతో పోటీపడే 24.5 కిలోమీటర్ల ఒంటరి పందెంలో, 50 సెకన్లు వెనకబడి ఉన్న లెమాండ్ ముందుకు చాచిన కొత్త రకం హ్యాండిల్‌తో తొక్కి, లోరాన్ ఫిన్యోన్ మీద 8 సెకన్లతో మొత్తం పందెం గెలిచాడు. ఆ 8 సెకన్లలో కాళ్లది ఎంత, హ్యాండిల్‌ది ఎంత అన్న వాదన ముప్పై అయిదేళ్లు దాటినా తెగలేదు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య కూడా పందెం సైకిల్ 6.8 కిలోలకంటే తేలికగా ఉండరాదని హద్దు పెట్టింది. మన దగ్గర ఒకడు లక్షల విలువైన కార్బన్ సైకిల్ మీద, ఇంకొకడు దానికి రెండింతల బరువున్న గేర్ సైకిల్ మీద ఒకే గీత నుంచి బయలుదేరుతున్నారు. కనీసం పద్దెనిమిదేళ్ల లోపు ఒంటరి పందేల్లో గాలిని తప్పించే హ్యాండిళ్లను, పుల్లలు కనబడకుండా మూసిన చక్రాలను అనుమతించకండి.

6. ఆడపిల్లల పందెం పూర్తి పందెంగా జరగాలి.

అబ్బాయిలకు మూడు రోజులు పెట్టి, అమ్మాయిలకు ఒక పూట పెట్టారు. వారికి కాలం పట్టలేదు. ముగ్గురి పేర్లు చదివి పంపించారు. ఆ ముగ్గురి వెనక వచ్చినవారి పేర్లు ఏ కాగితం మీదా లేవు. జట్టు ఎత్తులు, తప్పించుకుపోవడం, కాలాన్ని కాపాడుకోవడం ఒక్క పూటలో నేర్చుకునేవి కావు. పురుషుల టూర్ చరిత్ర మొత్తంలో అతి తక్కువ తేడా 8 సెకన్లు కాగా, పైన చెప్పిన మహిళల పందెం 4 సెకన్లతో తేలింది. హనుమకొండలో పొద్దున అయిదింటికే లేచి సాధన చేస్తున్న అమ్మాయిలున్నారు. వారికి కూడా అన్ని దశలూ, కాలాల పట్టికా, జట్టు వర్గీకరణా అబ్బాయిలతో సమానంగా ఉండాలి.

పై ఆరు విషయాలకు సంబంధించిన నియమావళిని తెలుగులో ముద్రించి, వచ్చే పోటీకి కనీసం నెల ముందు ప్రతి జట్టుకూ అందజేయాలని, ప్రతి దశ ముగిసిన సాయంత్రమే కాలాల పట్టికను అంటించి, అభ్యంతరం చెప్పుకోవడానికి ఒక గంట గడువు ఇవ్వాలని కోరుతున్నాం. గత పోటీ మూడు రోజుల కాలాలను బయటపెట్టి, కాలం లెక్కన ముందున్న కుర్రవాడికి తదుపరి ఎంపికలో పాల్గొనే అవకాశం ఇవ్వాలి. కప్పు వెనక్కి తీసుకోమని మేము అడగడం లేదు. అది అందుకున్న అబ్బాయి తప్పేమీ లేదు.

ఈ లేఖ వెలువడిన నెల రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి, లేదా హనుమకొండలో ఒక సమావేశం పెట్టి మమ్మల్ని పిలవండి. రెండూ జరగకపోతే కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి అర్జీ ఇస్తాం. పోటీలకు ప్రభుత్వ నిధులు వాడి ఉంటే ఫలితాల పత్రాల కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తాం. వచ్చే పోటీలో గీత దగ్గర కాలం పట్టడానికి, మలుపుల దగ్గర జెండాలు పట్టుకొని నిలబడటానికి మాలో పనిచేయగలవారు సిద్ధంగా ఉన్నారు, దానికి మీరు రూపాయి ఇవ్వనక్కరలేదు. మొదటి రోజు ముగింపును గీత పక్క నుంచి తీసిన వీడియో మా దగ్గర భద్రంగా ఉంది. ఒంటరిగా వచ్చిన కుర్రవాడు గీత దాటిన క్షణం, వెనక గుంపు వచ్చిన క్షణం రెండూ అందులో స్పష్టంగా ఉన్నాయి. మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు తెచ్చి చూపిస్తాం.

ఇట్లు,
వరంగల్, హనుమకొండ, కాజీపేట, నర్సంపేట, ములుగు ప్రాంతాల సైకిల్ పందేల అభిమానులు, క్రీడాకారుల తల్లిదండ్రులు